కూర్చుని తీసిన కునుకు

మీకొక మహాకావ్యం చెబుతాను. నిజానికి అది సిటీ బస్సులో ఒకాయన తీసిన కునుకు, అంతే.

కృష్ణానగర్‌లో ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. ఒకప్పుడు సినిమాలకు సౌండ్ రికార్డు చేసేవాడట. చెవి వెనక మిషన్ చూపించాడు.

"ఆపరేషన్ చేసి పెట్టిండ్రు తమ్మీ. ఇది ఉంటే చెవుల మోత తగ్గుతది. పండుకుంటే ఊడిపోతది, మళ్ల గుయ్యిమంటది. అందుకే గిట్ల కూసోని నిద్రపోత. షేక్‌పేటల జర లేపు."

"సెట్లో అరిచినట్టు సైలెన్స్ అని అరవకపోయారా?" అన్నాను.

"అరిసిన. జూనియర్ ఆర్టిస్టులన్న ఇంటరు, ఈ చెవులు ఇనవు."

షేక్‌పేట వచ్చింది. ఆయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. లేపడానికి చెయ్యెత్తి, దించేశాను. రాత్రి షిఫ్టు చేసి వస్తున్న నేనూ కళ్లు మూశాను.

చివరి స్టాపులో కండక్టర్ ఇద్దరినీ లేపాడు. తిరుగు బస్సు ఇరవై నిమిషాల తర్వాత ఉంది.