పసుపు చీరలో బౌండరీ మీటింగ్

ఇవాళ్టి నుంచి మా అన్వి హైవే అవతలి స్కూల్‌కి వెళ్తోంది. ఇంటి వెనకే స్కూల్ పెట్టుకుని అక్కడికెందుకంటారా? ఆ ఘనకార్యం నాదే, వినండి!

ఇక్కడ అమెరికాలో, ఈ క్యారీ ఊళ్లో మేం ఇల్లు కొన్నదే వెనకున్న స్కూల్ కోసం. వంటింటి కిటికీలోంచి ప్లేగ్రౌండ్ కనిపిస్తుంది. అలాంటిది, ఏ వీధి పిల్లలు ఏ స్కూల్‌కి వెళ్లాలో బౌండరీలు మళ్లీ గీస్తామంది ఇక్కడి స్కూల్ బోర్డ్. ఏ ప్లాన్, బీ ప్లాన్. ఒకదాంట్లో మా వీధికి ఈ స్కూల్ ఉంటుంది, ఇంకోదాంట్లో పోతుంది. దానికి పబ్లిక్ మీటింగ్. పక్కింటి సునీత వాట్సాప్‌లో మొత్తుకుంది, "మన వీధివాళ్లందరూ బ్లాక్ టీషర్ట్ వేసుకోండి, మనమెంతమందో బోర్డ్‌కి తెలియాలి" అని.

బుద్ధిగా వేసుకున్నా. గుమ్మం దాటబోతుంటే, తెనాలి నుంచి వచ్చి మా దగ్గరుంటున్న అమ్మ అడ్డుపడింది.

"ఏమే, పిల్ల చదువు కోసం వెళ్తూ నలుపేంటే?"

"అందరూ అదే వేసుకుంటున్నారమ్మా!"

"అందరి సంగతి నాకెందుకు? శుభమా అని వెళ్తూ పసుపు చీర కట్టుకో. పని ఇట్టే అయిపోతుంది."

నేనొక్కదాన్ని నలుపు వేసుకోకపోతే కొంపలేం మునగవులే అని కట్టుకున్నా. ఆ కంగారులో ఫోన్ ఇంట్లోనే మర్చిపోయా.

హాల్లో అడుగుపెట్టానో లేదో, పసుపు టీషర్ట్ వేసుకున్న ఒకావిడ "ఐ లవ్ దిస్!" అంటూ హగ్ చేసుకుంది. ఏ వీధి అని అడిగింది. చెప్పా. కళ్లు ఇంతింత చేసుకుని ఇంకో హగ్ ఇచ్చి, ముందు వరసలో కూర్చోబెట్టింది. చుట్టూ చూస్తే అందరూ పసుపే. అమ్మ మాట నిజమే సుమా, వీళ్లకీ పసుపంటే శుభమే అనుకున్నా!

ఇక స్పీచ్‌లు. ప్రతివాళ్లూ "మా పిల్లలు, మా సేఫ్టీ" అనేవాళ్లే. కాదనడానికేముంది? అందరికీ చప్పట్లు కొట్టా. మాది ఏ ప్లానో బీ ప్లానో మాత్రం ఎంతకీ గుర్తు రాలేదు. దూరంగా గోడ పక్కన సునీత రెండు చేతులూ ఊపుతోంది. చీర బావుందంటోంది కాబోలని కొంగు సర్దుకుని నేనూ ఊపా. ఆవిడ తల పట్టుకుంది. తలనొప్పేమో పాపం!

చివర్లో బోర్డ్ చైర్‌పర్సన్ "బీ ప్లాన్ కావాలనేవాళ్లు లేవండి" అంది. నా చుట్టూ అందరూ లేచారు. ముందు వరసలో నేనొక్కదాన్నే కూర్చుంటే ఏం మర్యాద? లేచా. పక్కావిడ నా చెయ్యి పట్టుకుని పైకెత్తింది కూడా!

బయట సునీత దొరకబుచ్చుకుంది. "స్వాతీ, ఆ పసుపువాళ్లంతా హైవే అవతలివాళ్లు! బీ ప్లాన్ వస్తే వాళ్ల పిల్లలు మన స్కూల్‌కి, మన పిల్లలు వాళ్ల స్కూల్‌కి!"

"మరి నాకు చెప్పొచ్చుగా?"

"అంతసేపు చేతులూపింది దేనికే తల్లీ?"

ఆ రాత్రి అన్వి మొహం చూడలేకపోయా.

ఇంకేముంది, బీ ప్లానే వచ్చింది. ఓటింగ్ రోజున ఒక బోర్డ్ మెంబర్ ఆన్‌లైన్‌లో అందరూ వింటుండగా అన్నాడు, "స్కూల్ పోగొట్టుకుంటున్న వీధి నుంచి కూడా ఒక తల్లి పసుపు చీర కట్టుకొచ్చి మరీ సపోర్ట్ చేసింది, నా మనసు కరిగిపోయింది" అని. మా వీధి గ్రూప్‌లో ఆ వీడియో ఎన్నిసార్లు తిరిగిందో!

ఈ పొద్దున అన్వి కోసం బస్సొచ్చి ఇంటిముందు ఆగింది. అమ్మ వరండాలోకొచ్చి తృప్తిగా చూసింది. "చూశావా, బండి కూడా పసుపే. పిల్ల చదువుకి ఢోకా లేదు!"

నేను లోపలికెళ్లి ఆ బ్లాక్ టీషర్ట్ తీసి వేసుకున్నా.