కుర్చీలోంచి బంతి తోటకు: అత్తమ్మతో ముద్ఖేడ్ ప్రయాణం

ముందుగా నా రాతను క్షమించండి. బోధన్ దగ్గర మా ఊరి బడిలో ఏడో తరగతి వరకే చదివాను. ఒత్తులు, దీర్ఘాలు సరిగా పడవు, చేతిరాత కోడి కెలికినట్టు ఉంటుంది. నిజామాబాద్‌లో ఉండే మా వదినె, అంటే మా ఆయన అక్క, తన బ్లాగులో ప్రయాణాలు రాస్తుంది. ఈసారి ముద్ఖేడ్ పూల తోటల గురించి నన్నే రాయమంది. నోట్‌బుక్కులో రాసి పంపుతున్నాను, తప్పులు దిద్ది తను టైపు చేస్తుంది. తోటల గురించి రాయాలంటే అక్కడికి ఎందుకు వెళ్లానో రాయాలి. అది రాయాలంటే వాళ్లమ్మకు నేను చేసింది కూడా రాయాలి. వదినెకు ఈ సంగతి ఇప్పటిదాకా తెలియదు.

మేము నాందేడ్‌లో రైల్వే క్వార్టర్లలో ఉంటాం. నా పెళ్లయి ఏడాది కాలేదు. నేను వచ్చేనాటికి మా అత్తమ్మ నర్సవ్వకు అరవై ఎనిమిదేళ్లు, కానీ చీకటి ఉండగానే లేచి వాకిలి ఊడ్చి, గిన్నె పట్టుకుని పాలకేంద్రం దాకా నడిచి వెళ్లేది. పోను పావుగంట, రాను పావుగంట, అక్కడ పాలు పోసే శాంతాబాయితో మాటలు ఇంకో అరగంట. నేను వచ్చిన నెలకు నల్లా దగ్గర నీళ్లు పడుతుంటే పక్క క్వార్టర్ ఆమె నాకు వినపడేలా అంది: "కొత్త కోడలు అచ్చినా ముసలామె చేతులకెల్లి చీపురు పోలే."

నలుగురిలో నోరు విప్పే మనిషిని కాదు నేను. బిందె సగం నిండగానే ఇంటికి వచ్చేశాను. మరునాడు అత్తమ్మ కంటే ముందు లేచి ఊడ్చాను. ఆ వారంలోనే చీపురు అటక మీద పెట్టాను, రుబ్బురోలు పక్కకు జరిపాను, పాల ప్యాకెట్ ఇంటికే వేయమని చెప్పాను. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసి, "మీరు కూసోండి అత్తమ్మా, నేనున్న కదా," అన్నాను. రెండుమూడు సార్లు లేవబోయింది. నా ముఖం చూసి మళ్లీ కూర్చుంది. కాలనీలో అందరూ మంచి కోడలు అన్నారు. ఆ మాట నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఇప్పుడు ఈ వాక్యం రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను.

ఎనిమిది నెలల్లో అత్తమ్మ గోడ పట్టుకుని నడిచే స్థితికి వచ్చింది. రెండు రొట్టెలు తినేది అర రొట్టెకు దిగింది. డాక్టరు మోకాళ్ల ఎక్స్‌రే చూసి, అరుగుదల వయసుకు తగ్గట్టే ఉంది, రోజూ నడిపించండి అన్నాడు. నేను సరే అని, ఇంటికి వచ్చి కుర్చీలో ఇంకో దిండు వేశాను.

దసరాకు వారం ముందు ముద్ఖేడ్ నుంచి అత్తమ్మ అక్క లచ్చవ్వ ఫోన్ చేసింది. ఆమె నాకు పెద్దత్తమ్మ, డెబ్భై ఆరేళ్లు. అక్కడ కొడుకుతో కలిసి బంతి, గులాబీ తోట చేస్తుంది. "నర్సిని తోలియ్యి పిల్లా, పూలు తెంపెటందుకు మనుషులు దొరుకుతలేరు," అంది. గోడ పట్టుకుని నడిచే మనిషి పూలు తెంపడమేమిటి అనుకున్నాను. కానీ అత్తమ్మ కుర్చీలోంచే, "పోదాం బిడ్డా," అంది. చాలా నెలల తర్వాత ఆమె నోట విన్న మొదటి కోరిక అది. మా ఆయనకు డ్యూటీ ఉంది. పొద్దున పోయి సాయంత్రం రావాలని, నేనే తీసుకెళ్లాలని తేలింది.

పొద్దున ఆరుకు ఇంట్లోంచి బయలుదేరాం. ప్యాసింజరు టికెట్ మనిషికి పది రూపాయలు, ప్రయాణం అరగంట. అసలు ప్రయాణం మాత్రం స్టేషన్ వంతెన మీదే జరిగింది. అత్తమ్మ నాలుగు మెట్లు ఎక్కి ఆగేది, కడ్డీ పట్టుకుని ఊపిరి పీల్చేది. ఆమె చేతిసంచి నా భుజానికే ఉంది. "ఇయ్యి బిడ్డా, సంచన్న మోస్త," అంది. "వద్దు అత్తమ్మా," అన్నాను. రైలు కదలడానికి రెండు నిమిషాల ముందు ఎక్కాం. ఎదురుగా కూర్చున్న మరాఠీ ఆమె, "సూన్ కా?" అని అడిగింది, కోడలా అని. అత్తమ్మ నా చెయ్యి నిమిరి, "హో, సూన్. లయ్ చాంగలీ," అంది. చాలా మంచిదట. నేను సిగ్గుపడి కిటికీలోకి చూశాను. అప్పుడది వేరే సిగ్గు.

ముద్ఖేడ్‌లో స్టేషన్ బయటే ఆటోలు ఉంటాయి. తోట దాకా మనిషికి ఇరవై. డ్రైవరు అత్తమ్మ ఎక్కడం చూసి, "ఆజీ, హళూ హళూ," అవ్వా, మెల్లగా అంటూ దిగి చెయ్యి అందించాడు. ఎక్కడికని అడిగితే లచ్చవ్వ తోట అన్నాం. "ఆ ఆజీ అయితే రోజూ తొమ్మిదికి పూల గంప మోసుకొచ్చి నన్నే తిడుతది, ఇంకా నిద్ర లేవలేదా అని," అన్నాడు హిందీలో. అత్తమ్మ నవ్వింది.

ఏడున్నరకు తోటలో ఉన్నాం. మంచు ఇంకా ఆరలేదు. నడుముకు గుడ్డ సంచి కట్టుకుని, వరుసల మధ్య వంగి బంతిపూలు తెంపుతున్న పెద్దత్తమ్మ తల ఎత్తి చూసింది. చెల్లెలు గట్టు మీద నా భుజం పట్టుకుని నిలబడి ఉంది.

"ఏందే నర్సీ, నాకంటె ముసల్దానివైనవ్?"

"మోకాళ్లక్కా."

"మోకాళ్లకు ఏమాయె? ఇంట్ల ఏం పని చేస్తున్నవ్?"

అత్తమ్మ నోరు తెరిచేలోపు నేనే మాట్లాడాను, కొంచెం గర్వంగా కూడా మాట్లాడాను: "ఏం పని చెయ్యనియ్య పెద్దత్తమ్మా. అన్ని నేనే చేస్త. కుర్సీల కూసోబెట్టిన."

పెద్దత్తమ్మ చెల్లెలి వైపు తిరిగింది. "మా ఎద్దు కాలికి దెబ్బ తాకితె రెండు నెలలు కొట్టంల కట్టేసినం. దెబ్బ మానింది, కాళ్లు పడిపోయినయి. దానికైతె నోరు లేకుండె. నీకున్నది కదనే?"

నాకు తల నేలలోకి దిగినట్టయింది. ఆ మాట ఆమె నాతో అనలేదు. అందుకే ఇంకా ఎక్కువ తగిలింది.

మొదట అత్తమ్మను బోర్లించిన గంప మీద కూర్చోబెట్టి దబ్బనం, దారం ఇచ్చారు. తొమ్మిదింటికల్లా నాలుగు దండలు గుచ్చింది. తర్వాత పెద్దత్తమ్మ చెయ్యి పట్టుకుని లేపి, "ఈ రెండు చెట్లు నీయి," అంది. రెండు చెట్లయ్యాక ఇంకో రెండు. నాలుగయ్యాక కూర్చోబెట్టి నీళ్లిచ్చింది, మళ్లీ లేపింది. నేను పక్క వరుసలో తెంపాను. కాడలతో సహా లాగుతున్నానని, మొగ్గలు విరుగుతున్నాయని రెండుసార్లు తిట్లు తిన్నాను. పదింటికి నా నడుము పట్టేసింది. డెబ్భై ఆరేళ్ల మనిషి నా కంటే రెండింతలు తెంపి, గంప నెత్తిన పెట్టుకుని రోడ్డు దాకా పోయి వచ్చింది.

మధ్యాహ్నం వేపచెట్టు కింద జొన్నరొట్టె, శనగపిండి పిట్ల, పచ్చి ఉల్లిగడ్డ తిన్నాం. మీకు ఒంటి నొప్పులు ఉండవా అని పెద్దత్తమ్మను అడిగాను. "ఎందుకుండయి? పండుకుంటె నడుము, లేస్తె మోకాళ్లు. కని పొద్దున తెంపకపోతె పూలు బజార్ల ఎవ్వరు కొనరు. నాకు నొప్పున్నదని పూలకు తెల్వది గద," అని నవ్వింది. రాత్రి తొందరగా పడుకుంటుందట, రోజుకు చక్కెర చాయ్ ఒక్కటే తాగుతుందట, ప్రతి గురువారం నలుగురు ఆడవాళ్లతో భజనకు పోతుందట. "అక్కడ పాట తక్కువ, మాటలెక్కువ," అంది. అత్తమ్మ రెండో రొట్టె తీసుకుంది. నేను చూడనట్టు ఉండిపోయాను.

తిరుగు రైలు అయిదున్నరకు. నాలుగున్నరకు లేచి కాళ్లు కడుక్కున్నాను. అత్తమ్మ లేవలేదు.

"నువ్వు పో బిడ్డా. నేను దసరా దాక ఇక్కడ్నె ఉంట."

"దసరా అయినంక తీసుకపోత అత్తమ్మా."

ఆమె దారం ముడి వేస్తూ, "అటెన్క గూడ ఇక్కడ్నె ఉంటనేమో," అంది.

నిజం రాయాలి. అప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది అత్తమ్మ కాదు, కాలనీ. అత్త ఇల్లు విడిచి పూల పనికి పోయింది అంటారు. ఆ మాటే గొణిగాను కూడా: "అందరు ఏమనుకుంటరు అత్తమ్మా?"

"నీకు బాధ అయితదని ఇన్ని దినాలు చెప్పలే," అంది మెల్లగా. "పొద్దున కండ్లు తెరిస్తె ఎందుకు లేవాల్నో సమజ్ అయితలేదు బిడ్డా. పాలకాడికి పోతుంటి, శాంతాబాయితోని రెండు మాటలు మాట్లాడుతుంటి. నువ్వు చీపురు అటక మీద పెట్టింది నాకెర్కె. తీస్తె నీకు తప్పు చేసినట్టయితదని తియ్యలే."

అప్పుడు నల్లా దగ్గర విన్న మాట చెప్పేశాను. ఏడుస్తూ చెప్పాను. అత్తమ్మ అంతా విని, "గా ఒక్క మాటకు ఎనిమిది నెలలు నన్ను కుర్సీల కూసోబెట్టినవా?" అంది. కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

ఒక్కదాన్నే రైలెక్కాను. ఒంటరిగా రైల్లో రావడం నాకదే మొదటిసారి. ఖాళీ భుజం మీదికి చెయ్యి పోతూ ఉంది, సంచి అక్కడే ఉండిపోయింది. మరునాడు నల్లా దగ్గర పక్క క్వార్టర్ ఆమె అడిగింది: "అత్తను పూల కూలికి తోలినవట?" ఆ రోజు కూడా తల వంచుకునే వచ్చాను. కానీ ఈసారి బిందె నిండాకే వచ్చాను. వచ్చి స్టూలు వేసుకుని అటక మీది చీపురు దించాను. పాలబ్బాయికి ప్యాకెట్ వద్దని చెప్పాను.

దసరా వెళ్లిన మూడో రోజు అదే ప్యాసింజరులో మళ్లీ వెళ్లాను. అత్తమ్మ వస్తుందో రాదో తెలియదు. గేటు దగ్గరే పెద్దత్తమ్మ ఎదురొచ్చింది. "అచ్చినవా? కుర్సీ తెచ్చినవా?"

"లేదు పెద్దత్తమ్మా. చీపురు దించిన."

అత్తమ్మ వరుసలోంచి గట్టు దాకా దేన్నీ పట్టుకోకుండా నడిచి వచ్చింది. మెల్లగానే వచ్చింది. "పాలు?" అని అడిగింది.

"ప్యాకెట్ బంద్ చేపిచ్చిన. రేపటికి ఇంట్ల పాలు లేవు."

"అయితె చాయ్ ఎట్ల మరి," అంటూ చెప్పులు వేసుకుంది. సంచి అందుకోబోతే అవతలి భుజానికి మార్చుకుంది.

ఇప్పుడు పొద్దున ఆరుకు ఆమె పాలకు పోతుంది. మోకాళ్లు నొప్పి లేకుండా పోలేదు, మెట్లంటే ఇంకా భయమే. కానీ తిరిగి వచ్చాక ఎవరింట్లో ఏం జరిగిందో నాకు చెప్పే దాకా చాయ్ ముట్టదు. ఆ కుర్చీలో ఇప్పుడు బియ్యం చెరిగే చాట పెడుతున్నాం. కాలనీలో నన్ను మంచి కోడలు అనడం తగ్గింది. పెద్దవాళ్లను బాగా చూసుకోవడమంటే ఏమిటో నాకు పూర్తిగా తెలుసని చెప్పను. కానీ నేను చూసుకున్నది అత్తమ్మను కాదు, నా పేరును. ఆ ఎనిమిది నెలలు నేను తిరిగి ఇవ్వలేను. రోజూ ఆమె గోడ పట్టుకోకుండా నడుస్తుంటే చూసి ఒకసారి తల దించుకుంటాను, అంతే.

ముద్ఖేడ్ తోటలు చూడాలంటే పొద్దుటి ప్యాసింజరులోనే వెళ్లండి, ఎండెక్కితే తెంపడం అయిపోతుంది. పెద్దవాళ్లతో వెళ్తుంటే స్టేషన్‌కు అరగంట ముందే చేరి, వంతెన మెట్లు వాళ్ల పద్ధతిలో ఎక్కనివ్వండి, మోయగలిగినంత సంచి వాళ్ల భుజానికే ఉంచండి.

వదినే, టైపు చేశాక ఈ కాగితాలు పొయ్యిలో వేసెయ్యి. మీ అమ్మ సంగతి చదివి నన్ను తిట్టాలనిపిస్తే ఫోన్ చెయ్యి, ఎత్తుతాను. చదివిన మీరు కూడా, మా కాలనీ వాళ్లెవరైనా తెలిస్తే, దీన్ని వాళ్లకు మాత్రం చూపించకండి.