రుచి చూడకుండా చేసిన పులిహోర

ఒక డబ్బా తినే సోడాతో అత్తగారి పరువు ఎలా తీయవచ్చో చెబుతాను. వంటింట్లో ఉన్నవాళ్లు తమ డబ్బాను కాస్త దూరంగా జరిపి చదవండి.

బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసి, సీతాఫల్‌మండిలో కొత్త కోడలిగా దిగిన రోజులవి. ఆ శుక్రవారం మా ఇంట్లో భజన. ప్రసాదానికి కోడలి చేతి పులిహోర అని అత్తమ్మ గల్లీ అంతా చాటింపు వేసి వచ్చింది. నేను అంతకుముందు పులిహోర తినడమే తప్ప చేసి ఎరగను.

కిరోసిన్ స్టవ్ మీద పులుసు ఉడుకుతుంటే చింతపండు ఎక్కువైందేమోనని అనుమానం వచ్చింది. చుక్క నాలుక మీద వేసుకుంటే తేలిపోయేది. కానీ నైవేద్యం కదా, దేవుడికి పెట్టకముందు ఎంగిలి చేయకూడదు. అప్పుడు నా చదువు నిద్రలేచింది. చింతపండులో ఉన్నది ఆమ్లం, సోడా క్షారం. చిటికెడు వేస్తే బుస్సున పొంగింది. పొంగిందంటే ఆమ్లం ఇంకా ఉన్నట్టే కదా? పొంగు ఆగేదాకా వేస్తూ పోయాను. ఆమ్లమంతా పోయాక పులిహోరలో పులుపేం మిగులుతుందని ఒక్కసారైనా ఆలోచిస్తే ఒట్టు.

పొంగు ఆగింది. పులుసు ఎర్రబడింది. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుందని చదివినదే, కానీ కళ్లారా చూసేసరికి భయం కన్నా సంబరమే ఎక్కువైంది. నిమ్మచెక్క పిండితే మళ్లీ పచ్చబడింది. సోడా వేస్తే మళ్లీ ఎరుపు. ఇంకోసారి చూడాలనిపించింది, చూశాను. చివరికి పసుపురంగు దగ్గర ఆపి అన్నంలో కలిపేశాను.

దేవుడు ఏమీ అనలేదు. భజన అయ్యాక ప్రసాదం పంచితే అందరూ నములుతూనే ఉన్నారు, ఒక్కరూ మింగడం లేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అత్తమ్మ ఒక ముద్ద తిని నా వైపు చూసింది.

"ఏం కలిపినవమ్మా? సబ్బు నాకినట్టున్నది."

ఆమ్లం, క్షారం, రంగులు, అన్నీ ఒప్పజెప్పాను. అత్తమ్మ చేతిలో ప్రసాదం పక్కన పెట్టింది.

"ఎర్రగైతదా? ఏదీ, జెర చూపెట్టు."

భజన మొత్తం వంటింట్లోకి తరలింది. పసుపు నీళ్లలో సోడా వేశాను, అత్తమ్మే నిమ్మచెక్క పిండింది. రంగు మారగానే చిన్నపిల్లలా నవ్వి, ఇంకో చెక్క ఉందా అని అడిగింది. డబ్బా ఖాళీ అయ్యేదాకా ఎవరూ కదల్లేదు.

వెళ్లేటప్పుడు పక్కింటావిడ అత్తమ్మతో అంది: "వచ్చే శుక్రవారం సుత మీ ఇంట్లనే పెట్టుకుందాం వదినా. రంగులు కోడలు చూపెడ్తది, పులిహోర మాత్రం నువ్వు చెయ్యి."

ఇక వంటలో సోడా ముట్టనని ఆ డబ్బా మీదే చెయ్యి వేసి ప్రమాణం చేశాను. అందులో అప్పటికే ఏమీ మిగల్లేదు కాబట్టి పెద్దగా కష్టమనిపించలేదు.