రత్నమ్మను అమ్మిన బేరం

పొలం అమ్మినవాళ్ళను చూసుంటారు, ఎద్దులను అమ్మినవాళ్ళనూ చూసుంటారు. కట్టుకున్న భార్య పేరును, ఆమెనడక్కుండా, స్టాంపు కాగితం మీద అమ్మేసిన బుద్ధిమంతుణ్ణి మాత్రం బేతంచెర్ల మొత్తానికి నేనొక్కణ్ణే.

మాది బండల పాలిష్ ఫ్యాక్టరీ. పేరు ‘రత్నమ్మ స్టోన్స్’. లోపలున్నవన్నీ నాపరాళ్ళే, రత్నం ఒకటి బోర్డు మీద, ఒకటి ఇంట్లో. నా నడుము మొరాయించడంతో కర్నూలులోని పెద్ద బండల కంపెనీకి అమ్మేద్దామనుకున్నాను. వాళ్ళ మేనేజరు కాగితాలు తిప్పుతూ, “గుడ్‌విల్ కూడా మాకే కదండీ?” అన్నాడు.

నాకొచ్చిన ఇంగ్లీషులో గుడ్ అంటే మంచి, విల్ అంటే మనసు. “తీసుకోండప్పా! మంచి మనసుకు మాకేం కరువు?” అని సంతకం గీకేశాను. రాళ్ళతో బతికినవాణ్ణి, ‘రాయి’ అంటే రాసేయడమే!

ఇంట్లో రత్నమ్మ కాగితం చదివింది.

“ఏమయ్యా, గుడ్‌విల్ అంటే ఫ్యాక్టరీ పేరూ, దానికుండే పరపతీ అంట. ఈడ నా పేరు గూడా ఇచ్చినట్లుండాదే?”

“అది ఫ్యాక్టరీ పేరులే, రత్నా...”

“రత్న ఎవురు? అమ్మేసినావు గదా! పిలవాలంటే పోయి మేనేజరునడుక్కో.”

అంతే, పిలిస్తే పలకడం మానేసింది. “ఏమే” అంటే, “అది ఊర్లో అందరి పెండ్లాల పేరు” అనేది. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటారు. నాకు పేరూ పోయింది, ఇల్లూ దిబ్బయింది. కరెంటు పోయిన ఫ్యాక్టరీలా ఇంట్లో చప్పుడే లేదు.

నెల తిరక్కుండానే మేనేజరు ముందు నిలబడ్డాను. “ఆ పేరొక్కటి వెనక్కియ్యండి సార్.”

“కుదరదండీ. బండల వ్యాపారంలో ఆ పేరు మాదే.”

“బండల్లో మాత్రమేనా?”

“బండల్లో మాత్రమే.”

పరుగున ఇంటికొచ్చి ఆ మాట చెప్పాను. రత్నమ్మ నవ్వింది. బొరుగులు నానబెట్టి ఆమె చేసే ఉగ్గానికి మా వీధిలో తిరుగులేదు. వారంలో ఫ్యాక్టరీ గేటుకెదురుగా రేకుల షెడ్డు లేచింది. బోర్డు నేనే రాయించాను: ‘అసలు రత్నమ్మ ఉగ్గాని, బజ్జి. ఇక్కడ రాళ్ళుండవు. రాళ్ళు కావలసినవారు ఎదురుగా పోవలెను.’

“రత్నా!” అన్నాను, భయంభయంగా.

“ఏందయ్యా?” అంది. నా ప్రాణం లేచొచ్చింది. “ఇంక నన్నడక్కుండా సంతకం పెట్టనని ఒట్టెయ్.”

వేడివేడి మిరపకాయ బజ్జీ మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. చెయ్యి కాలింది, ఒట్టు మాత్రం చల్లగా నిలిచుంది.

మొదటిరోజే మేనేజరు వచ్చాడు. రెండు ప్లేట్లు లాగించి, బోర్డు చదివి మొహం మాడ్చుకున్నాడు. “మీకు బొత్తిగా గుడ్‌విల్ లేదండీ!”

“యాడుంటాది సార్? మీకే అమ్మేస్తిమి గదా!”