కాకిపిల్ల ముందే ఇల్లు చేరిన నెల

పక్కింటి పిల్ల పుస్తకానికి అట్ట వేసుకుంటూ కాగితం మడత మీద గోరుతో గట్టిగా గీరింది. ఆ చప్పుడు వింటే నాకు బందరు అచ్చాఫీసే గుర్తొస్తుంది. అక్కడ నేను కాగితాలు మడిచి కుట్టేదాన్ని. మాది దివిసీమలో ఒక పల్లె. భర్త పోయాక ఆ పనే నాకు కూడు పెట్టింది. అప్పటికి ముప్పై దాటాయి, ఒక్క అక్షరం రాదు. యజమానిని అందరూ పంతులుగారనేవారు. బడి ఉద్యోగం వదిలేసి, పాత తొక్కుడు అచ్చు మిషను కొని, పిల్లలకు మాసపత్రిక పెట్టిన మనిషి. కథలూ ఆయనే రాసేవారు. చల్లపల్లి, అవనిగడ్డ బడులకు వెళ్ళి కథ సగం చదివి, పత్రిక మూసి వచ్చేసేవారు. మిగతా సగం కోసం పిల్లలు ఇంట్లో పోరుపెట్టి చందా కట్టించేవారు.

ఆయనకొక పద్ధతి ఉండేది. కుట్టిన మొదటి ప్రతిని అక్షరాలు పేర్చే సుబ్బయ్య మాకు పైకి చదవాలి. పంతులుగారు మాత్రం ముందు గదిలో కూర్చునేవారు. రాసినవాడు ఎదురుగా ఉంటే ఎవరూ నిజం చెప్పరట. చదవటం అయ్యాక నన్ను పిలిచేవారు. నాకు మొహమాటం తెలియదు.

ఒక నెల దారి తప్పిన కాకిపిల్ల కథ వేశారు. విని ముందు గదిలోకి వెళ్ళాను.

"ఎలా ఉందమ్మా మరియమ్మా?"

"బాగోలేదండీ. పిల్ల గూటికి చేరింది, తల్లి మేత కూడా పెట్టింది. ఆ తరువాత గాలివానలో దారి తప్పిందంట. మీకు ఒంట్లో బాగుందా అండీ?"

ఆయన ప్రతి తీసుకుని తిప్పి చూశారు. కట్టలోంచి ఇంకొకటి లాగి చూశారు. "కథ సరిగ్గానే రాశానమ్మా. మడతే తప్పి పేజీలు ముందువెనకలయ్యాయి."

చదువు రాదు కాబట్టి బొమ్మ పైకి వచ్చేలా మడవటం నా లెక్క. ఆ నెల బొమ్మను లోపలి పేజీకి మార్చారు. నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

"చేతులు చేసిన తప్పు నోరే పట్టేసింది చూశారా," అన్నాడు సుబ్బయ్య. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ నెల చదవటం అయ్యేసరికే గుడివాడ బండికి కట్టలు సిద్ధంగా ఉన్నాయి. అవన్నీ విప్పి దారాలు కోస్తుండగానే బండి వెళ్ళిపోయింది. పంతులుగారూ చాప మీద కూర్చుని కోశారు. అదే నాకు ఎక్కువ భయమైంది.

"రేపటినుంచి రావొద్దంటారా అండీ?" అని నేనే అడిగేశాను.

"గంట ముందు రా."

"శిక్షా అండీ?"

"నీకో నాకో ఇంకా తెలీదు."

మర్నాడు పలకా బలపం ఇచ్చారు. పంతులుగారికి ఓపిక ఉందని అబద్ధం చెప్పను. ఆయనా విసుక్కున్నారు, నేనూ విసుక్కున్నాను. ఏడాది తిరిగేసరికి పేజీ చదివి మడవటం వచ్చింది.

పత్రిక పెరిగింది. గుడివాడ స్టేషనులో అమ్మేవారు. కరెంటు మిషను వచ్చింది. తరువాత ఆయన రేడియోలో పిల్లల కథలు చెప్పటానికి మద్రాసు వెళ్ళారు. అక్కడినుంచి పంపే ప్రతి కథ పైనా "ముందు మరియమ్మ చదవాలి" అని ఉండేది. చదివాను. "మూడో పేజీ దగ్గర నిద్రొచ్చిందండీ" అని కార్డు రాశాను. వారం తిరక్కుండా మూడో పేజీ కొత్తగా రాసి పంపారు.

ఇప్పటికీ ఏ పుస్తకమైనా పైకే చదువుతాను. బాగోలేకపోతే బాగోలేదంటాను. ఎవరు రాశారో చూసేది ఆ తరువాతే.