నాలుక మీద మట్టి

మేమంతా దీదీ అని పిలిచే ఆవిడ మట్టిముద్దను ముందు నాలుక చివర పెట్టి చూసేది. ఉప్పు తగిలితే మళ్ళీ కడిగేది. ఆ తర్వాతే కళ్ళు మూసుకుని, చేతులు ఎటు పోతే అటు కుండ చేసేది. బొమ్మలు వేసేటప్పుడూ అంతే, స్కేలు ముట్టేది కాదు.

ఒకప్పుడు ఆవిడ ఆర్కిటెక్టు. మా దీవిలో, బ్రూక్షాబాద్‌లో మా ఇంటి ప్లాను ఆవిడ గీసిందే. సముద్రపు ఇసుకను మేస్త్రీ సరిగా కడక్కుండానే సిమెంటులో కలిపాడు. దీదీ కొలతలు మాత్రం చూసుకుని సరేనంది. ఉప్పుకి లోపలి చువ్వలు తుప్పు పట్టాయి. కొన్నేళ్ళకి స్లాబు పెచ్చు ఊడి అమ్మ కుడి భుజం మీద పడింది. ఆ చెయ్యి మళ్ళీ పైకి లేవలేదు. దీదీ ఇళ్ళు గీయడం మానేసింది.

ఒకరోజు తను చేసిన గిన్నె పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"గట్టిగానే ఉంటాది ఆంటీ. మట్టి నేనే నాకి చూసినాను, పక్కా."

అమ్మ ఎడమచేత్తో అందుకుంది. "అప్పుడా ఇసక కూడా ఇలాగే సూసుంటే ఈ చెయ్యి బాగుండును కదే బేటీ," అంది, కోపం లేకుండానే.

దీదీ గుమ్మం వైపు తిరిగింది. వెళ్ళబోతూ గుమ్మం పక్క గోడను వేలితో రుద్ది, నాలుకకి తాకించుకుంది.

"ఉప్పు ఇంకా ఉంది భయ్యా," అంది నాతో.

ఆవిడ మళ్ళీ రాలేదు. మేమింకా ఆ స్లాబు కిందే పడుకుంటున్నాం.