ఐదో వచనం

మా అత్త బుల్లమ్మ సంస్మరణ కూటానికి వేసిన కరపత్రంలో ఆమెను శాంతమూర్తి అని అచ్చువేశారు. రాసింది స్త్రీల సమాజం కార్యదర్శి స్వర్ణకుమారి. పదిహేనేళ్లు ఒకే వంటగదిలో ఆమెతో మెలిగినదాన్ని, నేను చెబుతున్నాను: మా అత్తలో శాంతం ఆవగింజంత కూడా లేదు. నాలోనూ లేదు. మా ఇద్దరి మధ్య తల్లీకూతుళ్ల ప్రేమ ఉండేదని ఇప్పుడు ఎవరైనా అంటే వాళ్ల నోరు మూయించాలనిపిస్తుంది. మా మధ్య ఏముండేదో నాకు చెప్పడం రాదు. జరిగింది మాత్రం రాస్తాను.

ఆమె పుట్టింది కొండకర్లలో. బడికి పోవాల్సిన వయసులో ఆ ఊరి ఆవ చెరువులో తాటిదోనె తోస్తూ తండ్రికి చేపల బుట్టలు అందించింది. పెళ్లై అనకాపల్లి వచ్చాక ముప్ఫై ఏళ్లు బెల్లం మార్కెట్లో గోనెలు కుట్టింది. పని మానేశాక కూడా ఆ దబ్బనం ఆమె కొప్పులోనే ఉండేది. నాది మునగపాక. డిగ్రీ చదివాను. కాపురానికి వచ్చిన రోజు నా పెట్టెలో పుస్తకాలు చూసి ఆమె వీధంతా వినపడేలా అంది: "సదువుకున్న కోడలొచ్చింది. ఇంక కుండకో కాగితం అంటించాలి, ఇది అన్నం, ఇది పులుసు అని." వీధి నవ్వింది. ఆ నవ్వును నేను మరిచిపోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి మా చర్చి వరండాలో స్త్రీల కూటం జరుగుతుంది. అందరూ చాపల మీద గుండ్రంగా కూర్చుంటారు. కార్యదర్శి ఎడమ పక్క నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరు ఒక్కో వచనం పైకి చదవాలి. ఏ అధ్యాయమో ముందు వారమే చెబుతారు. ఎవరి చోటు వాళ్లది. మా అత్తది స్తంభం పక్కన, ఐదోది. ఆమె గ్రంథం తెరిచి, కళ్లజోడు సర్దుకుని, ఐదో వచనం ఎక్కడా తడబడకుండా చెప్పేసేది. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన స్వర్ణకుమారికి కూడా అంత ధార లేదు.

ఒక గురువారం పెరట్లో బట్టలు ఆరేస్తుంటే గోడవారనుంచి గొంతులు వినిపించాయి. మూడో తరగతి చదివే నా కూతురు హాసిని ఒక వచనం చదువుతోంది. మా అత్త వెంటనే పలుకుతోంది. మళ్లీ అదే. మళ్లీ అదే. ఐదోది వచ్చాక నాలుగోది మొదలుపెట్టారు. అప్పుడు తెలిసింది, ఆమెకు చదవడం రాదని. మా ఆయన అరుణ్ కుమార్‌ను నిలదీస్తే, చిన్నప్పుడు ఆ పని తనదేనని ఒప్పుకున్నాడు. ఎవరికీ చెప్పనని తల్లి ఒట్టు వేయించుకుందట. నాలుగో వచనం ఎందుకంటే, ఆమెకు ముందు కూర్చునేవాళ్లలో ఎవరైనా రాకపోతే ఆమె వంతుకు నాలుగోది వస్తుంది. ఆరోది రావచ్చని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఆ చాపల మీద కొత్త మనిషి కూర్చుని ఎన్నేళ్లయిందో.

మా పక్క వాటాలో మాడుగుల నుంచి బదిలీ మీద వచ్చిన ఆస్పత్రి నర్సమ్మ దిగింది. తరవాతి శుక్రవారం ఆమెను కూటానికి నేనే తీసుకెళ్లాను. నా చోటు మూడోది. ఆమెను నా పక్కన నాలుగో చోట్లో ఇరికించాను. అనుకోకుండా జరిగిందని అందరూ అనుకున్నారు. కాదు. లెక్కపెట్టి చేశాను.

నాలుగో వచనం నర్సమ్మ చదివింది. ఐదోది, ఎప్పుడూ నాలుగోది చదివే చిన్నమ్మలు చదివింది. తన వచనం పక్కమనిషి నోట్లోంచి వస్తుంటే మా అత్త మెడ మీద నరం లేవడం చూశాను. ఆమె వంతు వచ్చింది. ఆమె దగ్గర వేరే ఏమీ లేదు. అదే ఐదో వచనం మళ్లీ చెప్పింది.

స్వర్ణకుమారి కళ్లజోడు కిందికి జార్చి మెల్లగా అడిగింది. "అది అయిపోయింది కదా వదినా. ఆరోది చదవండి. వేలు పెట్టి చూపించమంటారా?"

మా అత్త గ్రంథం మూసి లేచింది. ఆమె మెట్లు దిగకముందే వెనక నవ్వు మొదలైంది. ముందు నవ్వింది చిన్నమ్మలు.

ఇంటికెళ్లేసరికి ఆమె వంటగది గుమ్మంలో కూర్చుని ఉంది. ఏడవలేదు. గ్రంథం నేల మీద పెట్టి, కొప్పులోంచి దబ్బనం తీసి దాని మీద ఉంచింది.

"నర్సుని నా ముందు కూకోబెట్టింది నువ్వే. కాదని సెప్పు."

నేను చెప్పలేదు.

"అయితే నువ్వే నేర్పు."

ఆ వారం నుంచి ఆమె కూటానికి వెళ్లలేదు. మోకాళ్ల నొప్పులని కబురు పంపింది. చదవడం వచ్చాకే వెళతానని నాతో అంది. రోజూ రెండింటికి గిన్నెలు తోమడం అయ్యాక ఇద్దరం కూర్చునేవాళ్లం. హాసిని మొదటి వాచకం తెస్తే విసిరికొట్టింది, పలకలూ బలపాలూ తన ముఖాన పెట్టొద్దంది. సరే, ఆమె నోటికొచ్చిన అధ్యాయాలే తెరిచాను. అది నా పొరపాటు. మొదటి మాట మీద దబ్బనం పెట్టేది, మిగతాదంతా కళ్లు మూసుకుని చెప్పేసేది. అందుకని వాక్యం చివరి మాట నుంచి వెనక్కి చదివించడం మొదలుపెట్టాను. అలాగైతే జ్ఞాపకం సాయానికి రాదు.

"ఎనకనుంచి సదివించడం సైతాను పని," అంది.

"సైతానుకైనా చదువొచ్చు. మీకు రావడం లేదు."

"నీకు నేర్పడం రాదని సెప్పు ముందు."

నెల గడిచినా నాలుగు మాటలు దాటలేదు. నేను ఎగతాళి చేసేదాన్ని, ఆమె నా పుట్టింటివాళ్లను తిట్టేది. ఒకరోజు 'స' మీద దబ్బనం ఆగింది. అదేమిటని గద్దించాను. "సత్తియ్య బస్తా," అంది. విసుక్కోబోయి ఆగాను. పక్కనున్న 'ప' చూపించాను. "పోతురాజు కొట్టు." మార్కెట్లో వర్తకులు బస్తాల మీద తమ పేర్లలో మొదటి అక్షరం అచ్చుకొట్టించేవారు. ఏ బస్తా ఎవరిదో ఆమె ముప్ఫై ఏళ్లు ఆ గుర్తులతోనే పోల్చుకుంది. అక్షరం ముక్క రాదని నేను అనుకున్న మనిషికి సగం అక్షరాలు ముఖం తెలిసినవే. వాటిని ఎలా పలకాలో ఒక్కటే తెలియదు. సత్తియ్యను పిలిచేటప్పుడు నోరు ముందు ఏం చేస్తుందో చూసుకోమన్నాను. ఆమె చాలాసేపు సత్తియ్య పేరు పెదవుల మీద ఆడించింది. తరవాత నా వైపు చూసిన చూపులో మెప్పేమీ లేదు. "ఇది నెల కిందటే సెప్పొచ్చు కదే," అంది.

ఒత్తుల దగ్గర మళ్లీ యుద్ధం. పైవాణ్ని చదివాక కింద వేలాడేవాడితో తనకేం పనని గొడవపెట్టేది. ఏడు నెలలు పట్టింది.

ఎనిమిదో నెలలో ఒక శుక్రవారం చీర మార్చుకుని నాకంటే ముందు బయల్దేరింది. స్తంభం పక్క చోటు ఖాళీగానే ఉంది. అక్కడ కూర్చోలేదు. వెళ్లి స్వర్ణకుమారికి ఎదురుగా కూర్చుంది. వంతు వచ్చేసరికి స్వర్ణకుమారి, వదినకు ఒంట్లో బాగోలేదు కాబట్టి ఆ వచనం దీనా చదువుతుందని నా పేరు చెప్పింది.

"నా వంతు నాదే," అంది మా అత్త. "ఈ అధ్యాయం నేను ఇంట్లో వల్లించి వచ్చేనంటారు. నీకు నచ్చిన పేజీ తియ్యి."

స్వర్ణకుమారి తీసింది. పేజీ నిండా తండ్రుల పేర్లు, కొడుకుల పేర్లు. కథ లేదు, ఊహించడానికి ఆధారం లేదు. పాస్టరుగారు కూడా దాటేసే పేజీ అది.

మా అత్త దబ్బనం తీసి మొదటి పేరు కింద పెట్టింది. ఒక్కో పేరూ విరిచి, కూడబలుక్కుని, మళ్లీ మొత్తం పలికి, అప్పుడు పక్క పేరుకు పోయేది. చర్చి వెనక పొయ్యి మీద టీ మరిగిపోతోందని ఎవరో లేవబోతే కళ్లతోనే కూర్చోబెట్టింది. ఒక పేరు మధ్యలో ఒత్తు దగ్గర ఆగిపోయింది. చిన్నమ్మలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా పెదవులు వాటంతటవే కదిలాయి.

"నువ్వు నోరు ముయ్యి," అంది నాతో, తలెత్తకుండానే. ఆ పేరు పలికింది. పేజీ చివరిదాకా చదివింది. గ్రంథాన్ని స్వర్ణకుమారి వైపు తిప్పి, "ఎక్కడైనా తప్పుంటే వేలు పెట్టి సూపించు," అంది. స్వర్ణకుమారి చూపించలేదు.

తిరిగొచ్చేటప్పుడు రైల్వే గేటు దాకా నా ముందే నడిచింది. అక్కడ ఆగి అడిగింది: "ఈ వారం నర్సుని తేలేదేటి?"

ఆ తరవాత ఆమె నాలుగేళ్లు బతికింది. నాకు కృతజ్ఞత చెప్పలేదు. నేను క్షమాపణ అడగలేదు. అడగాలనుకున్న రోజుల్లో కూడా ఆమె ఏదో ఒకటి అనేది, నాకు ఒళ్లు మండేది. మార్చిలో ఆమె పోయింది. ఇంక అడగడానికి ఎవరూ లేరు.

సంస్మరణ కూటంలో స్తంభం పక్క చోటు ఖాళీగా వదిలారు. వచనాలు వరసగా వచ్చాయి. మూడోది నేను చదివాను, నాలుగోది చిన్నమ్మలు. ఐదోది దగ్గర అందరూ ఆగారు. స్వర్ణకుమారి కళ్లు తుడుచుకుంటూ, "దీనా, అది కూడా నువ్వే చదివెయ్యమ్మా," అంది.

"అది మా అత్త వంతు," అన్నాను.

ఆమె ఇంకోసారి బతిమాలింది. నేను గ్రంథం మూసి ఒళ్లో పెట్టుకున్నాను. ఖాళీ చోటు అవతలి మనిషి గొంతు సవరించుకుని ఆరో వచనం మొదలుపెట్టింది.